ఒకటిన్నర రెట్లు

ఊరి పొలిమేర బోర్డు మీద తొమ్మిది వేల నూట ఎనభై ఏడు.
ఆ రాత్రి మంచు ఆ అంకెను కూడా కప్పేసింది.

మోంటానాలో మా రేడియో స్టేషనంటే
గోధుమ గాదెల వెనక ఒక రేకుల గది, ఒక టవరు,
ఎప్పుడూ కారే కాఫీ మిషను.
నేను అక్కడ నేల తుడిచే మనిషిని.
రోడ్లు మూసేశారు, మాపుకర్రతో పాటు ఉండిపోయాను.

డెల్మర్ మైకు ముందు కూర్చున్నది తెల్లవారుజామున నాలుగింటికి.
మూసిన బడుల పేర్లు చదివాడు,
దారి తప్పిన పాల లారీ నంబరు చదివాడు,
ఓస్లండ్ గారి ఆవులు కంచె దాటాయి, చూసినవాళ్లు చెప్పండి అన్నాడు.
రాత్రి పదకొండుకి గొంతులో ఇసుక పడింది.
ఉప్పునీళ్లు కాచి ఇచ్చాను.
పుక్కిలించి, మళ్లీ బడుల దగ్గర్నుంచి మొదలుపెట్టాడు.

ఆర్విడ్ రెండుసార్లు టవరెక్కి మంచు కొట్టొచ్చాడు.
అతను చీఫ్ ఇంజనీరు.
ఉన్న ఒక్క ఇంజనీరూ అతనే కాబట్టి చీఫ్.
కార్డు మీద ఆ ఒక్క మాట లేకపోతే
కనుబొమల మీద గడ్డకట్టినదానికీ లెక్క ఉండేది.

శుక్రవారం కవర్లొచ్చాయి.
నాకు నలభై దాటిన ప్రతి గంటకీ ఒకటిన్నర రెట్లు.
వాళ్లిద్దరికీ, వార్తలు దిద్దే మేవిస్‌కీ
ఎప్పటి జీతమే.
నలభై దాటిన గంటలు గాలిలో కలిశాయి,
చదివిన మాటల్లాగే.

"చట్టమే అది" అంది లెక్కలు చూసే వినిఫ్రెడ్.
లక్ష దాటని ఊళ్లో
మైకుకీ, వార్తకీ, చీఫ్‌కీ అదనం లేదట.
చీపురుకి మాత్రం ఏ ఊరైనా ఒకటే.
ఎంతమంది విన్నా అరిగేది ఒక్క గొంతే కదా
అందామనుకున్నాను. అనలేదు.
కవరు కోటు లోపలి జేబులో దాచుకున్నాను,
ఎవరిదో ఎత్తుకొచ్చినట్టు.

సోమవారం డెల్మర్ జననాలు చదువుతున్నాడు.
"ట్వెయిట్ దంపతులకి ఆడపిల్ల. ఏడు పౌన్లు."
కాగితం పక్కన పెట్టి, కాస్త ఆగి,
"ఇంకా తొంభై వేల ఎనిమిది వందల పదమూడు మంది కావాలి" అన్నాడు.

ఊళ్లో ఎవరికీ అర్థం కాలేదు.
అద్దం అవతల ఆర్విడ్ పొట్ట పట్టుకున్నాడు,
చేతిలో కాఫీ అంతా నేల పాలు.
మాపుకర్ర తెచ్చాను.

అది వారంలో నా మొదటి గంట.
మామూలు రేటే.