తాడు

నాకు నత్తి.
'ప' దగ్గర ఆగుతాను, 'మ' దగ్గర మరీ ఆగుతాను.
నేనో వాక్యం పూర్తిచేసేలోపు
పొయ్యి మీద కాఫీ పొంగిపోతుంది.
చేతికి మాత్రం నత్తి లేదు.

క్లాక్స్‌విక్ రేవులో, ఒక అక్టోబరు సాయంత్రం
మా అన్న తోర్‌కిల్
కొత్తగా వచ్చిన పాస్టరు ముందు నన్ను అనుకరించాడు.
ప్... ప్... ప్... అన్నాడు.
పాస్టరు నవ్వలేదు.
ఆయన భార్య నవ్వి, వెంటనే
ఊలు తొడుగు నోటికి అడ్డం పెట్టుకుంది.
నా చేతిలో చేపలు చీల్చే కత్తి ఉంది.
నాకు గుర్తున్నది అంతవరకే.

తర్వాత గుర్తున్నది చప్పుడు.
తడిసిన తాడు తెగితే పెద్దగా ఏమీ వినపడదు,
ముసలాయన గొంతు సవరించుకున్నట్టు, అంతే.
నాన్న ఇద్దరికీ కలిపి ఇచ్చిన పడవ
తీస్తున్న ఆటుతో మెల్లగా తిరిగి
ఎవరో పిలిస్తే లేచి వెళ్తున్నట్టు వెళ్ళింది.
మర్నాడు కూనోయ్ రాళ్ళ మీద పలకలు దొరికాయి.

ఆలోచన అప్పుడొచ్చింది,
బూట్లు సగం తొడుక్కుని, రొప్పుతూ,
ఏమైంది, ఏమైంది అంటూ.

నిదానమే ప్రధానం అంటారు.
ఈ దీవిలో నన్ను మించిన నిదానస్తుడెవడు?
బయటికి రాలేని మాటలన్నీ
భుజం మీదుగా చేతిలోకి దిగాయేమో
అని పదేళ్ళు సర్దిచెప్పుకున్నాను.

అప్పుడు, ఒక ఫిబ్రవరిలో,
సున్నీవ కూతురు మంచుపట్టిన గట్టు మీంచి జారింది.
నేను వల అల్లుతున్నాను.
మళ్ళీ అంతే.
గుర్తున్నది ఉప్పు,
పిడికిట్లో ఎర్రటి టోపీ,
టోపీ కింద జుట్టు, జుట్టు కింద పిల్ల.
ఆలోచన ఈసారీ ఆలస్యంగానే వచ్చి
నీకు ఈత రాదు కదరా, అంది.
ఇద్దర్నీ కొక్కేలేసి లాగారు.

ఊరు దాన్ని ధైర్యమంది.
అదే పాస్టరు, అదే నోటితో
ఆదివారం నా పేరు చదివాడు.
తాడు సంగతి ఎవరూ ఎత్తలేదు, మర్యాదకి.
కానీ రెండుసార్లూ అదే చెయ్యి,
అదే అర క్షణం.
కోపమనీ కరుణనీ దానికి అక్షరాలు రావు;
పేర్లు మనం తర్వాత
ఒడ్డున, పొడి బట్టల్లో కూర్చుని పెట్టుకుంటాం.

తోర్‌కిల్ ఇల్లు రెండు వీధుల అవతలే.
మాంసం ఎండగట్టే కొట్టం దగ్గర
గాలికి వీపు పెట్టి నిలబడి ఉంటాడు.
నేను వెళ్తాను.
మ... మ... మన్నించు అనాలి.
మాట ఎప్పటిలాగే ఆగుతుంది.
చెయ్యైనా తొందరపడితే బాగుండును,
ముందుకి చాచుకుంటే,
ఆయన భుజం మీద పడితే.

ఇన్నేళ్ళకి అది
జేబులోనే ఉండి
ఆలోచిస్తోంది.