చిరునామాదారు

సైదాబాద్ పోస్టాఫీసులో పొద్దున్నే
సంచి బోర్లిస్తే మొదట జారేవి అవే:
నున్నటి కవర్లు, మీద మూడు ఆసులు,
"అదృష్టం మీ గుమ్మంలోనే."
ఆ గుమ్మందాకా మోసేవి మాత్రం నా మోకాళ్లు.

కరెంటు బిల్లు, బ్యాంకు నోటీసు,
ఎవరి చెల్లెలో పంపిన రాఖీ,
వాటి మధ్య ఇరుక్కుని కూర్చుంటాయి
పిలవని పెళ్లికొచ్చిన చుట్టాల్లా.

పోయిన నెల సర్క్యులర్ వచ్చింది.
హెచ్చరిక తెలుగులోనూ వేయాలట,
పద్దెనిమిది నిండని పేరుకు పంపకూడదట.
వేశారు.
ఛత్తా బజార్‌లో ఎవడో పనిమంతుడు
బియ్యపు గింజ మీద రాసినట్టు
కవరు మడత లోపల, జిగురు కింద వేశాడు.
విప్పితే చిరుగుతుంది. చిరిగితే చదవలేం.

శంకేశ్వర్ బజార్ మూడో గల్లీ,
నీళ్ల డ్రమ్ము పక్కన బాలామణి:
"అన్నా, నీకు దండం బెడ్త, ఇవి మా ఇంటికి తేకు.
ఆటో అమ్మిండు. సిలిండర్ అమ్మిండు.
నిన్న పిల్లదాని పట్టీలు."

నాకు తెలిసిన రూలు చెప్పాను.
స్టాంపు పడ్డదాన్ని నేను ఆపకూడదు.
'నిరాకరించారు' అని రాసి
కింద సంతకం పెడితే వాపసు పోతుంది.
పెట్టాల్సింది చిరునామాదారు.
"నేను గాదా?"
కాదమ్మా. కవరు మీద ఎల్లేశం అని ఉంది.

ఆమె నవ్వింది.
ఆ నవ్వు రాసుకునే కాలమ్ నా రిజిస్టర్‌లో లేదు.

మంగళవారం అరుగు మీద ఎల్లేశమే ఉన్నాడు.
గడ్డం గీసుకున్నాడు. తల దించుకున్నాడు.
"పెన్నుంటే ఇయ్యన్నా."
లోపల గిన్నెల చప్పుడు ఆగింది.
ఇరవై రెండేళ్ల నౌకరీలో
ఒక్క సంతకం కోసం ఇంతగా ఎదురుచూడలేదు నేను.

అతను కవరు చింపాడు.
లోపలి కార్డు తొడ మీద పరుచుకుని
నా పెన్ను మూతతో
వెండి పూత గోకాడు, ఓపిగ్గా,
పిల్లాడి పుండు మీద పక్కు తీసినట్టు.

ఏం వచ్చిందో చెప్పలేదు. నేనడగలేదు.
పెన్ను తిరిగిచ్చి థాంక్స్ అన్నాడు.
లోపల గిన్నెలు మళ్లీ మొదలయ్యాయి, ఈసారి గట్టిగా.

నాలుగో గల్లీలో స్పీడ్‌పోస్టుకు సంతకం చేస్తూ
ఒక పెద్దాయన వేలు చూసుకున్నాడు:
"ఏందిది, మెరుస్తాంది?"
మూతకంటిన పొడి.
ప్యాంటుకు తుడిచాను. పోలేదు.
సంచిలో ఇంకా పదకొండు కవర్లున్నాయి.