బీగం చెవి

పంటపాళెం రోడ్డులో నూనె ఫ్యాక్టరీ, రాత్రి షిఫ్టు.
బూట్లు మార్చుకుంటా
కొత్తగా చేరిన పెంచల ప్రసాదు అడిగాడు:
"అది ఆగిపోయింది గదన్నా,
లోపలికి పోదామా?"

పసుపు కంచె అవతల
పొద్దుతిరుగుడు నూనె అట్టపెట్టెల్ని
నాలుగేసి ఎత్తి పేర్చే ఇనప చెయ్యి
మెడ వంచి, ఉలకదు పలకదు.

అబ్బయ్యా, రొయ్యల గుంట కాడ
కొంగని చూసే ఉంటావు.
ఒంటికాలి మీద అది నిలబడితే
చేపపిల్ల కట్టె అనుకుంటుంది.
కొంగ ఆగిపోలేదు.
కాచుకోని ఉంది.
ఇదీ అంతే. సెన్సారు కంటి ముందుకు
ఒక్క పెట్టె జారితే చాలు.
నీ పేరు అడగదు.
నీ తలకాయకీ నూనె పెట్టెకీ
దాని లెక్కలో తేడా, బరువొకటే.

నాకెట్టా తెలుసంటావా.
రెండేళ్ళ కిందట ఆ తలుపు స్విచ్చికి
నల్లటేపు చుట్టింది నేనే.
పగిలిన ప్యాకెట్లు తుడిచే పనికి
ప్రతిసారీ లైను ఆపేదేందని.
వంగి గుడ్డ పిండతా ఉంటే
తల పక్క నుంచి ఒక గాలి పోయింది.
లేచి తడుముకుంటే
చెవి మీది పెన్ను లేదు.
చెవి ఉంది.
ఎవరికీ చెప్పలా.
ఆ రాత్రి లెక్క బ్రహ్మాండంగా వచ్చిందని
సూపర్‌వైజరు అందరికీ టీ, సమోసా ఇప్పించాడు.
తిన్నా.

మొన్న శుక్రవారం ఇంకో సంగతి.
హజరత్తయ్య గ్రీజు పని ముగించి
మెయిన్ స్విచ్చికి వేసిన బీగం తియ్యడం మరిచి
చెవి జేబులో పెట్టుకోని
ముత్తుకూరు వెళ్ళిపోయాడు.
ముప్పావుగంట లైను నిలబడింది,
బయట లారీల హారన్లు.
మేనేజరు కట్టరు తెమ్మన్నాడు.
తెచ్చింది నేనే.
బీగానికి వేలాడే చీటీ మీద హజరత్తయ్య ఫోటో,
మీసాలకి రంగేసుకున్న రోజు దిగింది,
నన్నే చూస్తా ఉంది.
లోపల ఎవరూ లేరు. మూడుసార్లు టార్చి వేసి చూశాం.
అయినా చెయ్యి రాలా.

లుంగీ మీదనే మోపెడ్ తోలుకొచ్చి
బీగం తీసి, తిట్లన్నీ పడ్డాక
మెల్లగా అన్నాడాయన:
"నేను లోపల లేనని నాకు తెలుసు సార్.
బీగానికి తెలవదు గదా."
మేనేజరు మారుమాట్లాడలేదు.
నాలుగు వందల పెట్టెలు నష్టమని
రిజిస్టర్లో ఎర్రసిరాతో రాసుకున్నాడు.

ఇదిగో, ఇది నీ బీగం.
ఫోటోలో పెళ్ళిచూపులకి కూర్చున్నట్టున్నావు, పర్లేదులే.
చెవి ఒకటే.
రెండోది ఎవరి దగ్గరా లేదు, నా దగ్గరా లేదు.
బండి తాళాల గుత్తిలో కలపమాక.
నేను ముందే వేసి ఉన్నా సరే
నా బీగం పక్కన నీది నువ్వు వెయ్యి.
నాది నన్ను కాస్తది.
నిన్ను కాయదు.

తెల్లారి షిఫ్టు దిగి వస్తా ఉంటే
రొయ్యల గుంటలో
ఒంటికాలి మీద తెల్లగా ఏదో.
బండి ఆపి చూశా.
కదలదే.
గాలికి ప్లాస్టిక్ కవరు ఊడి ఎగిరాక తెలిసింది,
ఉత్త కట్టె అని.

అయినా
ఇంకాసేపు ఆగే పోయా.