నలభై మూడు పేర్లు, ఒక నంబరు

ఏటుకూరు రోడ్డు కోల్డ్ స్టోరేజీలో
పై గది నాది.
కింద టిక్కీలు దొర్లినప్పుడల్లా
కీబోర్డు మీద సన్నగా ఎర్రటి పొడి.
మొదటి నెల జీతం తుమ్ముతూనే తీసుకున్నాను.

ఇంతవరకూ ఇక్కడ చూసిందంతా చద్ది లెక్క.
రాత్రి పదింటికి రైతుల ఖాతాలు వార్చి పెట్టుకుని
పొద్దున్నే రంగుల బొమ్మలుగా వడ్డించేవాళ్లం.
ఈలోగా యార్డులో ధర రెండు మెట్లు దిగేది.
సరుకు తీసుకుపోయినవాడు
మా పటంలో ఇంకా సరుకున్నవాడే.

"నిన్నటి మొహం నాకెందుకమ్మా,
ఇవాళ్టిది చూపించు" అన్నారు పోలిశెట్టిగారు
పంచె చెంగుతో కళ్లద్దాలు తుడుచుకుంటూ.

మూడు రోజులు పట్టింది.
పాస్‌వర్డు ఒకరి దగ్గర, అనుమతి ఇంకొకరి దగ్గర,
ఆ ఇంకొకరు ఎప్పుడు చేసినా భోజనానికి వెళ్లారు.
గురువారం మూడున్నరకి
లాకు తలుపు ఎత్తినట్టు
ఖాతాల్లోంచి తెర మీదికి నీళ్లు.
కింద దావూదు రశీదు కొట్టాడు,
పైన నా కళ్లముందు ప్రత్తిపాడు కాస్త లావైంది.

మెట్లు దిగి పరిగెత్తాను.
"ఇంకోటి కొట్టు దావూదూ!"
"రైతు రావాలి కదా మేడం."

అప్పుడు కనపడింది ఆ బుడగ.
బొల్లాపల్లి అవతల, పటంలో పచ్చదనం చిక్కబడేచోట
గడ్డలా ఒకటి.
నలభై మూడు పేర్లు. ఒకటే ఫోను నంబరు.
బాణావత్‌లు, రమావత్‌లు,
ఇద్దరు షేకులు, ఎక్కణ్ణించి వచ్చాడో ఒక వేముల.

నేను చదువుకున్న చదువులో
ఒక నంబరంటే ఒక మనిషి.
మిగతావి నకళ్లు. కలిపేయాలి.
ఒక్క నొక్కుతో నలభై రెండు మంది
మిరపకాయ తొడిమల్లా రాలిపోతారు.
వేలు మౌసు మీదే ఉంది.
ఎందుకో ముందు ఆ నంబరుకి ఫోన్ చేశాను.

"ఎవరు కావాలి?"
ఆడగొంతు. వెనక మేకలు, పెనం మీద చిటపట.
"ఈ నంబరు ఎవరిదండీ?"
"నాదే, కేళీబాయిని. నీకెవరు కావాలో చెప్పు.
మా అటక మీద తప్ప తండాలో సిగ్నలు లేదు.
మీరు పంపే ధర, పొద్దుగూకాక
నిచ్చెనెక్కి చదువుతా.
కింద నిలబడి వింటారు అందరూ.
ఇంతకీ తేజ ఎంతుంది? తొందరగా చెప్పు,
రొట్టె మాడుతోంది."

చెప్పాను.
ఆమె అక్కణ్ణించే వాళ్ల భాషలో
ఎవరికో కేకేసింది. ఆ ఎవరో ఇంకెవరికో.
ఫోను పెట్టేయలేదు నేను.
ఆ అంకె దూరమయ్యేకొద్దీ
గొంతులు మారుతూ సన్నబడటం విన్నాను.
నా తెర పదిహేను సెకన్లకోసారి తాజా అవుతుంది.
ఈలోగానే అది
చివరి గుడిసె దాటిపోయి ఉంటుంది.

కలపలేదు.
నంబరు పక్కన తండ్రి పేరు చేర్చి
నలభై మందినీ ముగ్గురినీ విడివిడిగా నిలబెట్టాను.
తెర మూలన పసుపు త్రికోణం ఒకటి
ఇంకా గొణుగుతూనే ఉంది.

శనివారం పోలిశెట్టిగారు వచ్చి
బుడగ మీద వేలు పెట్టారు.
"ఎవరమ్మా ఈ ఆసామి?
గోడగడియారం పంపుదాం."
"ఆసామి కాదండీ. అటక."
చెప్పిందంతా విన్నారు. చాలాసేపు ఏమీ అనలేదు.
కింద హమాలీల పాట ఆగి, మళ్లీ మొదలైంది.
"గడియారం ఎందుకు,
అల్యూమినియం నిచ్చెన పంపు.
వాళ్లది వెదురుదై ఉంటుంది."

నిచ్చెన వచ్చి వరండాలో ఆనించి ఉంది.
ఎవరి ఖాతాలో రాయమంటారని
దావూదు కిందనుంచి అడుగుతున్నాడు.
పై నుంచి కిందకి, కింద నుంచి పైకి
నలభై మూడూ చదివాను.
కేళీబాయి పేరు లేదు.