పూడ్చని గుంట

ఆర్డ్‌వారిక్‌లో పద్నాలుగో ఫెయిర్‌వే నట్టనడుమ
ఒక ఇసుక గుంట.
దాన్నెవరూ గీయలేదు, తవ్వలేదు.
పడమటి గాలికి వీపు తిప్పి
గొర్రెలు పడుకుని పడుకుని ఒరిసిన పల్లం.
నూటయాభై ఏళ్ల కిందటి చలి అది.

కమిటీ ఉత్తరం నా జేబులో ఉంది:
"మంచి దెబ్బకు శిక్ష పడుతోంది. పూడ్చేయండి."
యంత్రం వేడెక్కుతోంది.
రెండు ట్రాలీల మట్టి, ఒక పూట పని,
ఫ్లాస్కులో సూప్ చల్లారకముందే అయిపోతుంది.

మోర్వెన్ గిలాండర్స్ వచ్చి అడ్డంగా నిలబడింది.
రబ్బరు బూట్లు, వానకు ఉబ్బిన నోట్‌బుక్కు.
గోల్ఫ్ మైదానాలు గీయడం ఆమె పని,
నేలను చదునుచేయడం నాది.
"ఒక్క గంట ఆగు డూగల్" అంది,
"ముందు ఎవరైనా ఆడనీ."

మొదట స్ట్రూవన్, ఒళ్లంతా భుజాలే ఉన్న కుర్రాడు.
గుంట మీదుగానే ఎగరేశాడు.
గాలి ఆ బంతిని దారిలో అందుకుని
చదివి, మడిచి,
ఇసుకలో పడేసింది.
అడ్డంగా తవ్వుకుని బయటపడ్డాడు
ఏవో గొణుక్కుంటూ. అవి ఇక్కడ రాయను.

తర్వాత టోష్. ఉత్తరం కింద సంతకం ఆయనదే.
అడుసు తొక్కనేల, కాలు కడగనేల అనే మనిషి.
కుడివైపు నలభై గజాల పచ్చిక,
బంతి పరుపెక్కినట్టు కూర్చుంది.
తలెత్తి చూస్తే
జెండా సగానికి అడ్డంగా దిబ్బ భుజం,
ఆ వెనక గ్రీన్ ఆయనకు వీపు తిప్పి పడుకుంది.
ఎక్కడ దించినా జారి జారి
సముద్రం దాకా పోయే వాలు.
మొదటి దెబ్బలో మిగుల్చుకున్న భయాన్ని
రెండో దెబ్బ వడ్డీతో వసూలు చేసింది.
"దీన్ని తాగి గీశారెవరో" అన్నాడు.
మోర్వెన్ ఏదో రాసుకుంది.

ఆఖర్న ఎఫీ రెనీ.
డెబ్బై ఆరేళ్లు. చేపలు కోసి కోసి అరిగిన మణికట్లు.
ఎంత కొట్టినా నూటపది గజాలు దాటదు.
గుంటకు ఇవతలే ఒక దెబ్బ ఆగింది,
తలుపు తట్టే ముందు చెప్పులు విప్పినట్టు.
రెండోది ఎడమకు,
గుంట అంచుకీ కంచెకీ మధ్య సందులోకి.
జానెడు తేడాలో ఇసుకను తప్పించుకుని
వాలు పట్టుకుంది బంతి.
అక్కణ్ణించి చూస్తే దిబ్బ లేదు,
గ్రీన్ నోరంతా తెరుచుకుని ఉంది.
మూడోది నేలబారున, పుటర్‌తో,
జెండాకు పన్నెండడుగులు ఎడంగా కొట్టింది,
అటేదో వేరే పని ఉన్నట్టు.
బంతి వెళ్లింది, నెమ్మదించింది, ఆలోచించింది,
తిరిగి
జెండా కాళ్ల దగ్గరకొచ్చి కూర్చుంది.

"ఈ గుంట తీసేస్తారట" అంది మోర్వెన్.
"నేను దాన్నెప్పుడూ దాటలేను గదమ్మా,
దాటగలననుకునేవాళ్లకే అది అడ్డం."
అలా అని జేబులోంచి పిప్పరమెంటు తీసి
నాకొకటిచ్చింది.

ఆ సాయంత్రం రెండు ట్రాలీల మట్టీ
కార్ పార్క్ గతుకుల్లో పోశాను.
టోష్ కారు ఇప్పుడు కుదుపు లేకుండా వస్తుంది.
వారం రోజులు నాతో మాట్లాడలేదు.

శనివారం పద్నాలుగు దగ్గర
చాలాసేపు నిలబడి ఎడమకు కొట్టాడు.
గుంటలో పడింది.
చుట్టూ చూసి, ఎవరూ లేరనుకుని,
ఇంకో బంతి తీశాడు.
అదీ ఎడమకే.