వాంగ్మూలంలో లేని లాంతరు

మా వలల కొట్టం తలుపు మీద
మూడు ఇంగ్లీషు అక్షరాలుంటాయి.
వాటికి ముందున్నవి సముద్రం ఉంచేసుకుంది.
ఆ చెక్క ఇస్కపల్లి రేవుకి కొట్టుకొచ్చేటప్పటికి
మా నాయన ఇంకా పుట్టలేదు.

శివరాత్రి మర్నాడు. అమావాస్య.
తెప్ప మీద ముందు మా తాత పామంజి పోలయ్య,
వెనక బావమరిది చెంగయ్య.
రంగం నుంచి చెన్నపట్నం పోయే ఓడ
దీపాలన్నీ ఆర్పుకుని
దగ్గు నొక్కిపట్టిన మనిషిలా పోతా ఉంది.
ముందు చప్పుడు కాదంట.
కాళ్ళ కింద దుంగల కట్లు
ఒక్కసారి బిగుసుకున్నాయంట.

తెప్ప నలుగుర్ని మోస్తుంది.
ఏడుగుర్ని లాక్కున్నారు.
ఎనిమిదో చెయ్యి గురించి అడిగితే
తాత వల కన్ను ఒకటి అల్లి,
ఇంకోటి అల్లి,
సూది కింద పెట్టేవాడు.

నెల తర్వాత అల్లూరు బంగళాలో విచారణ.
టోపీ దొర ఒకడు,
తర్జుమాకి ఉప్పు కొటారు గుమాస్తా.
ఎందుకు మునిగిందని అడిగితే
ఏడుగురూ ఏడు ఓడలు చెప్పారు.
బొగ్గు మిగలాలని
వంకర్లు తిరగాల్సిన చోట తిన్నగా పోనిచ్చారని,
ఎనిమిదొందల మందికి టిక్కెట్లు కోసి
పడవలు మేడ గదుల లెక్కకే కట్టారని,
తేలే చొక్కాల గది తాళంచెవి
ఎవరి జేబుతో మునిగిందో తెలీదని.
అనకాపల్లి మేస్త్రీ పెళ్ళాం గవరమ్మ మాత్రం
పిల్లోడు చీకటికి జడుసుకుంటే
గుండ్రటి కిటికీ తెర తీసి ఎవరో
అగ్గిపుల్ల గీశారంది.
ఎవరో, అని మళ్ళీ అంది.
ఆమె ఒళ్ళో పిల్లోడు లేడు.

గుమాస్తా అన్నిటినీ కలిపి
ఒక్క ముక్క చేశాడు: శత్రువు చేసిన పని.
అబద్ధం కాదు.
దాని కింద తాత వేలిముద్ర.

రాత్రిళ్ళు సముద్రం మీద దీపం కూడదని
అంతకు ముందే ఊళ్ళో దండోరా పడింది.
తాత విన్నాడు.
వల చిక్కుపడితే,
బీడీ కాలినంత సేపు,
లాంతరు మీద గోనె పట్టా తీశాడు.
అది బంగళాలో ఎవరూ అడగలేదు.

కాలేజీలో సైన్సు చదువుతున్నానని
నన్ను అడిగాడు ఒకసారి:
ఎంత దూరం కనపడుద్ది అబ్బయ్యా లాంతరు,
నీళ్ళలోంచి చూసేవాడికి?
మన దీపానికీ వాడి కంటికీ మధ్యలో పడి
ఓడ నల్లగా అవుపించి ఉంటుందా?

ఎత్తు, దూరం, చీకటి
నోట్సు వెనక పేజీలో లెక్క కట్టాను.
కనపడదు తాతా, అన్నాను.
నిజమే చెప్పావా,
నా కోసం చెప్పావా, అన్నాడు.
ఆ పేజీ చింపి పొయ్యిలో వేశాను.

ఆయన మళ్ళీ తెప్ప మీద లాంతరు పెట్టలేదు.
చిక్కు పడ్డ వలని
అమావాస్యలో కూడా
వేళ్ళతో చూసి విప్పేవాడు.