కచ్చా చీటీ

కందుకూరులో, పామూరు రోడ్డు మీద,
సైకిల్ షాపు పక్కన ఇనప మెట్లెక్కితే ఒక గది.
శనివారం మూడింటికి తాళం తీస్తాం.
ట్రస్టు వాళ్లిచ్చిన బల్ల, మూడు కుర్చీలు.
అందులో కుంటిది నాది.
గోడకి అట్ట: వినియోగదారులకు ఉచిత సలహా.
'ఉచిత' కింద ఎవరో పెన్సిలుతో గీత గీశారు,
నమ్మలేకేమో.

ఎవరొచ్చినా ముందు అడిగేది ఒకటే.
"బిల్లుందా?"

ఉలవపాడు మామిడితోట మాలకొండయ్య
పురుగుమందు డబ్బా మూత ఒక్కటే తెచ్చాడు.
డబ్బా ఏదయ్యా అంటే
కడిగి నీళ్లు పోసుకుంటన్నారంట.
ముందు ఆ నీళ్ల గురించి తిట్టాను.
పూత రాలిన సంగతి తర్వాత రాసుకున్నాను.

ఖాజాబీ ఇచ్చిన కాగితం తెల్లగా ఉంది.
కుట్టుమిషను బిల్లు,
బీరువాలో పెళ్లిచీర మడతలో దాచిందంట.
ఎండ తగలకుండానే అక్షరాలెగిరిపోయినయ్.
కిటికీ దగ్గర ఏటవాలుగా పట్టుకుంటే
ఒక నెల, సగం అంకె.
"ఇది చాలమ్మా" అన్నాను,
చాలకపోవచ్చని తెలిసీ.

మిగతా వాళ్లందరిదీ ఒకటే జవాబు:
"బిల్లు కావాలంటే టాక్సు పడుద్దన్నాడు సార్."

ఆ మాట నాది.
పందొమ్మిదేళ్లు
గ్రైండర్లూ ఫ్యాన్లూ అమ్మే కొట్లో
గల్లాపెట్టె ముందు కూచుని రోజుకి పదిసార్లు అన్నమాట.
దాన్ని మెత్తగా అనాలి, వాళ్ల మేలు కోరినట్టు.
"మనవాళ్లు గదా, దేనికి దండగ" అని చేర్చాలి.
షావుకారు నేర్పలేదు. నాకే వచ్చింది.
పోయినేడు మోకాళ్లు మొరాయించి మానేసినప్పుడు
నాకొక గోడగడియారమిచ్చాడు,
గ్యారంటీ కార్డు లేకుండా.

ఈ శనివారం పెంచలమ్మ వచ్చింది.
బస్టాండు దగ్గర ఇడ్లీలు పోస్తది.
గ్రైండరు మోటారు కాలింది,
రెండు నెల్లుగా పక్కింటి రోట్లో రుబ్బుతా ఉండాది.
బల్ల మీద చేతులు పెడితే
వేళ్ల కణుపులు ఉబ్బి ఉన్నాయి.
"అయిదేళ్లు చూసుకోబల్లేదన్నారయ్యా,
ఏడాదిన్నర నిండలా."

బొడ్లోంచి చీటీ తీసింది.
క్యాలెండరు కాగితం వెనక నీలం సిరా:
గ్రైండరు ఒకటి, నాలుగు వేల ఏడొందలు, ముట్టింది.
ఏడుకి అడ్డగీత.
మా కొట్లో ఏడుకి అడ్డగీత పెట్టేవాణ్ణి నేనొక్కణ్ణే.

తిప్పి చూశాను. తేదీ ఉంది,
దశమి, వర్జ్యం, రాహుకాలం అన్నీ ఉన్నాయి.
పొద్దున్నే నిన్నటి కాగితం చించి
చీటీలకి వాడేవాణ్ణి, కాగితం కలిసొస్తుందని.
అంటే ఆమె కొన్నది ఆ మర్నాడు.
బిల్లెగ్గొట్టడానికి వాడిన కాగితమే
రోజు చూపిస్తా ఉంది.

"ఇది ఎవరు రాశారో..." అని మొదలుపెట్టాను.
"నువ్వే గదయ్యా" అంది,
"రాసినోడికన్నా ఎవురికి తెలుసుద్దని
అడుక్కుంటా ఈడికొచ్చినా."
కోపం లేదు ఆ గొంతులో.
ఉంటే బాగుండేది.

ఫ్యాను కింద కాసేపు పెన్ను తిప్పుకుంటా కూచున్నా.
షావుకారు మంచోడే. మా ఆవిడ ఆపరేషనుకి
అడక్కముందే డబ్బు పంపించాడు.
ఆ డబ్బుకి చీటీ రాసుకోలేదు తను.

అర్జీ రాశాను.
ముందు కొట్టుకీ కంపెనీకీ నోటీసు,
పలక్కపోతే జిల్లా కమిషను.
"ఖర్చెంతవుద్ది?" అంది.
ఈ మొత్తానికి రుసుము లేదని చెప్పాను,
నమ్మకుండా మళ్లీ అడిగింది, మళ్లీ చెప్పాను.
చివర ఇంకో వాక్యం చేర్చాను:
జతపరిచిన చీటీలోని దస్తూరి నాది,
డబ్బు లెక్కపెట్టి తీసుకున్నదీ నేనే.
సంతకం పెట్టేటప్పుడు
పెన్ను ఒకసారి ఆగింది,
సిరా అయిపోయి కాదు.

కింద జిరాక్సు కొట్లో మూడు కాపీలు తీయించాం.
ఆరు రూపాయలు. పెంచలమ్మ ఇయ్యబోతే నేనిచ్చాను.
కుర్రాణ్ణి బిల్లడిగాను.
"ఆరు రూపాయలకా తాతా?" అని నవ్వాడు.

రాయమన్నాను.